వెనక్కి వెళ్ళే బటన్

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
8 జనవరి 2025

సందీప్‌కి, అక్క దీవెనలు.

వాట్సాప్‌లో మూడుసార్లు అడిగాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఉత్తరమైతే నువ్వు బుద్ధిగా చదువుతావని కాగితం తీశాను. పైగా ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మీ బావ రాంప్రసాద్ గారిది హిందీ మీడియం. మా ప్రత్యూషకి తన పేరు రాసుకోవడం వరకే వచ్చు. బల్ల మీద తెరిచి వదిలేసినా ఎవరికీ అర్థం కాని ఉత్తరాలు మనవి.

విషయం ఏమిటంటే, నా గొంతు రెండోసారి పోయింది. శనివారం పొద్దున్న ల్యాప్‌టాప్ తెరిచేసరికి తెరంతా కొత్తగా ఉంది. ఎడమ మూలనుండే బొమ్మలు నడిమధ్యకు వచ్చి కూర్చున్నాయి. పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి కొత్తది వేశామని, ఇక సుఖంగా వాడుకోమని రాసుంది. నేను అడిగిందీ లేదు, ఒప్పుకున్నదీ లేదు. మన మాట్లాడే ప్రోగ్రామ్ నొక్కితే, ఈ సిస్టమ్ మీద నడవనని ఒక్క ముక్క చెప్పి మూసుకుపోతోంది. ఎన్నిసార్లు నొక్కానో తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది.

నువ్వు మర్చిపోయి ఉండవు. రాయ్‌పూర్‌లో నా స్వరపేటిక తీసేస్తారని తేలిన ఆ మే నెలలో నువ్వు సెలవు పెట్టుకుని వచ్చావు. మా పడగ్గది గోడలకు రగ్గులు కట్టి, ఫ్యాన్ ఆపేసి, నా చేత రోజుల తరబడి వాక్యాలు చదివించి రికార్డు చేశావు. లైను మీద గూడ్స్ వెళ్ళినప్పుడల్లా ఆగి, అది పోయాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఇద్దరం చెమటతో తడిసి ముద్దయ్యేవాళ్ళం. ఆపరేషన్ అయి నేను ఇంటికొచ్చేసరికి, టైపు చేస్తే నా గొంతుతోనే పలికే యంత్రం తయారుగా పెట్టావు. దాంతో మొదటిసారి "ప్రత్యూషా, లే, టైమైంది" అనిపించినప్పుడు అది మంచం మీద లేచి కూర్చుని ఏడ్చింది. రెండున్నరేళ్ళుగా ఈ ఇంట్లో నేను తిట్టినా, బతిమాలినా, మీ బావతో దెబ్బలాడినా అంతా ఆ గొంతుతోనే.

శుక్రవారం నేను ఆఫీసులో ఉండగా తెర మీద బాణం గుర్తు దానంతట అది తిరుగుతోందని ప్రత్యూష చెప్పింది. నువ్వే నాగ్‌పూర్ నుంచి ఇంటర్నెట్‌లో దీని లోపలికొచ్చి ఏదో సర్దుతున్నావనుకుందట. సర్దితే సర్దావు, ఏం సర్దావో చెప్పు. దాన్ని గురువారం ఎలా ఉందో అలా చేసేస్తే చాలు. కొత్త సోకులు నాకొద్దు.

నా మీద కోపంగా ఉన్నావని తెలుసు. హరిప్రియ నిన్ను వదిలి ఇక్కడే తోర్వాలో వాళ్ళ నాన్న నాగభూషణం గారింటికి వచ్చేసి ఆరు నెలలైంది. మీ ఇద్దరి సంగతి తేల్చడానికి 26వ తేదీ ఆదివారం తెలుగు సమాజం హాల్లో పెద్దలు కూర్చుంటున్నారు. అక్కడ నేను చూసింది చెబుతానని నీకు ముందే చెప్పాను, చాటున చెప్పడం నాకు చేతకాదు. మన పెద్దల పద్ధతి నీకు తెలుసు. కాగితం ఇస్తే ఎవరు రాయించారని అడుగుతారు. లేచి నిలబడి నోటితో చెప్పిందే వాళ్ళకు లెక్క. అందుకే నాకు గొంతు ఈలోపే కావాలి.

అది వేరు, ఇది వేరు. చిన్నప్పుడు కొట్టుకుని కూడా అన్నం దగ్గర కలిసి కూర్చునేవాళ్ళం. నీ కాపురం విషయంలో నేను నీకు ఎదురు నిలబడతాను గానీ, నా ల్యాప్‌టాప్ విషయంలో నీ మీద తప్ప ఎవరి మీదా నాకు నమ్మకం లేదు. వెంటనే రాయి.

నీ అక్క,
సౌభాగ్య


నాగ్‌పూర్
13 జనవరి 2025

అక్కా, నమస్తే.

నీ ఉత్తరం చేరింది. ఫోన్ నీళ్ళలో పడింది, పది రోజులుగా రిపేర్‌లో ఉంది, అందుకే మెసేజ్‌లకు జవాబివ్వలేదు. నువ్వేమో అప్పుడే అలిగి కాగితాలు తీసేశావు. నా తెలుగు ఎలా ఉందో చూసి నవ్వకు. నువ్వు పలక మీద దిద్దించినంతే, అంతకంటే ముందుకు పోలేదు.

ఖంగారు పడాల్సిందేమీ లేదు. ఈ అప్‌డేట్‌లు వాటంతటవే వస్తాయి, నైట్‌లో దిగి పొద్దున్నకి కూర్చుంటాయి. నా ఆఫీసులో సగం మంది ఇదే ఏడుపు. బాణం గుర్తు సంగతి నాకు తెలీదు. టచ్‌ప్యాడ్ మీద నీటిచుక్క పడినా కదులుతుంది. ప్రత్యూషకి ఏదో అనిపించి ఉంటుంది.

చేయాల్సింది చెప్తాను, జాగ్రత్తగా చదువు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సిస్టమ్ నొక్కి, అందులో రికవరీ అని ఉంటుంది, అది తెరువు. అక్కడ వెనక్కి వెళ్ళే బటన్ ఒకటి ఉంటుంది. ఎందుకు వెనక్కి వెళ్తున్నావని అడుగుతుంది, ఏదో ఒకటి నొక్కు. ఛార్జర్ పెట్టి ఉంచు. గంటలో మళ్ళీ పాత సిస్టమ్ వచ్చేస్తుంది, నీ ప్రోగ్రామ్, నీ గొంతు అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఒక్కటే షరతు, కొత్తది వేసిన పది రోజుల్లోపు చేయాలి. ఆ తర్వాత పాత సిస్టమ్ ఫైళ్ళను మెషీన్ తుడిచేస్తుంది.

26 గురించి ఒక్క మాట అక్కా. నువ్వు చూశానంటున్నది ఒకటిన్నర నిమిషం సంగతి. 2023 దసరాకి మీ క్వార్టర్‌లో స్టోర్‌రూమ్ తలుపు గాలికి పడింది. హరిప్రియ వేళ్ళు నలిగాయి. నేనే ఎత్తుకుని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాను, కట్టు కట్టించాను, రాత్రంతా కూర్చున్నాను. అది కూడా చెప్తావు కదా? తమ్ముడి కాపురం నిలబెట్టేది అక్క కాకపోతే ఎవరు?

బావకి నమస్తే చెప్పు. బుధ్వారీ బజార్‌లో ఆ కరకజ్జం దొరికితే కొని ఉంచు, 26న వచ్చినప్పుడు తింటాను.

సందీప్


బిలాస్‌పూర్
19 జనవరి 2025

సందీప్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు చెప్పినట్టే అన్నీ తెరిచాను. వెనక్కి వెళ్ళే బటన్ ఉంది, కానీ బూడిదరంగులో ఉంది. నొక్కితే పలకదు. దీనికి కావలసిన ఫైళ్ళు ఈ కంప్యూటర్‌లో లేవని దాని పక్కనే రాసుంది.

కొత్త సిస్టమ్ వచ్చింది మూడో తేదీన. పది రోజుల్లోపు నొక్కాల్సిన బటన్ గురించి నువ్వు పదమూడున రాశావు. అది ఇక్కడికి చేరేది ఎప్పటికో తెలీనంత అమాయకుడివి కాదు. మీ ఎదురింటి వాళ్ళ ఫోన్ నుంచి మీ బావకి ఒక్క మెసేజ్ పెట్టినా సరిపోయేది.

సరే, తపాలావాళ్ళ తప్పనుకుందాం. ప్రత్యూష చెప్పింది రాస్తాను, చదువు. ఐదో తేదీ ఆదివారం అది సినిమా పెట్టుకుని కూర్చుంటే బాణం మళ్ళీ కదిలింది. సినిమా మూసేసి, డిస్క్ శుభ్రం చేసే గది ఏదో తెరుచుకుందట. "మామా, సఫాయి చేస్తున్నారా" అని అది నీకు మెసేజ్ పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ పంపావు. నాకు చూపించింది. నీ ఫోన్ నీళ్ళలో మునిగి ఉన్న రోజులవి.

నేను డివిజనల్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాని. ఫైలు పోవడం వేరు, ఫైలు తీసేయడం వేరు. ఆ తేడా తెలియకుండా ఇన్నేళ్ళు జీతం తీసుకోలేదు.

ఇంత రాసినా నీ మీద ఆశ చావలేదు, అదే నాకు అసహ్యంగా ఉంది. ఇంకేదైనా దారి ఉంటే చెప్పు. తిట్టను, ఎందుకు చేశావని అడగను. గొంతు తెచ్చిపెట్టు, చాలు. పొద్దున్న పాలవాడు నీళ్ళు కలిపి పోస్తే గిన్నె మీద గరిటెతో కొట్టి చూపించాల్సొచ్చింది. వాడు నవ్వి వెళ్ళిపోయాడు.

సౌభాగ్య


నాగ్‌పూర్
22 జనవరి 2025

అక్కా,

సరే, లోపలికొచ్చాను. అప్‌డేట్ నేనే వేశాను. పాత సిస్టమ్‌కి సెక్యూరిటీ ఆగిపోతోంది, ఎవడైనా లోపలికి దూరి నీ బ్యాంకు వివరాలు పట్టుకుపోతాడని భయపడి వేశాను. డిస్క్ నిండిపోయిందని ఎర్రగా చూపిస్తే పాతవి తీసేశాను. నీ మంచికే చేశాను. ఆ ప్రోగ్రామ్ కొత్తదాని మీద నడవదని నాకు తట్టలేదు. మొదటి ఉత్తరంలో చెప్పలేదంటే, నువ్వు ఇలాగే అనుకుంటావని చెప్పలేదు.

ఇప్పుడు చేయగలిగింది లేదు. పాత సిస్టమ్‌తో పాటు అందులోని గొంతు కూడా పోయింది. ఆ రికార్డింగులకి ఇంకో కాపీ లేదు. నాకు మాత్రం బాధ లేదా?

26న రాసి తీసుకురా. సమాజం పెద్దల్లో జగన్నాథం మామ తెలుగు బాగా చదువుతాడు, అందరి ముందూ చదివి వినిపిస్తాడు. ఆయనతో నేను మాట్లాడి ఉంచాను. నువ్వు ఇబ్బంది పడకూడదనే.

సందీప్


బిలాస్‌పూర్
28 జనవరి 2025

సందీప్‌కి,

ఆదివారం నువ్వు నాకు ఎదురుగా, గోడవార కుర్చీలో కూర్చున్నావు. జరిగిందంతా చూశావు. అయినా రాస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది నువ్వు వినాల్సిన పని లేకుండా ఆ హాల్లో చేశావు కాబట్టి, ఇక్కడైనా పూర్తిగా చదువు.

పొద్దున జెండా ఎగరేసినప్పటి లడ్డూల పళ్ళాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. హరిప్రియ వాళ్ళ నాన్న పక్కన తల వంచుకుని కూర్చుంది. జగన్నాథం గారు నా కాగితాలు చూసి, "ఏటమ్మా సౌభాగ్యా, నీ మిషన్ తేలేదేటి" అన్నారు. నేను చేతులు తిప్పాను. "సర్లే, ఇలగియ్యి, నాను సదువుతాను" అన్నారు. నాలుగు పేజీలు రాశాను. రెండు రాత్రులు కూర్చుని, ఒక్క మాట ఎక్కువ కాకుండా, ఒక్క మాట తక్కువ కాకుండా రాశాను.

మొదటి పేజీ బాగానే చదివారు. దసరా, మీరిద్దరూ మా ఇంటికి రావడం, స్టోర్‌రూమ్ దగ్గర మాటామాటా పెరగడం. తర్వాత పేజీ తిప్పారు. "హరిప్రియ చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుని ఉంది. సందీప్ ఆ చెయ్యి చూశాడు. చూసి, తలుపు లాగాడు. తలుపుకి చెయ్యి అడ్డం తగిలి ఆగితే, ఇంకోసారి లాగాడు." ఇది రెండో పేజీలో మొదటి నాలుగు వాక్యాలు. జగన్నాథం గారి కళ్ళు వాటి మీద నడవడం నేను చూశాను. ఆయన గొంతు మాత్రం, "తలుపు పడి పిల్ల వేళ్ళు ఇరిగిపోయాయంట" అంది. తర్వాత రెండు పేజీలు ఒకేసారి తిప్పి, చివర నేను రాసిన "మీరంతా పెద్దలు, ఆలోచించండి" చదివి కాగితాలు మడిచారు. "మిగతాది ఇంట్లోవాళ్ళ సంగతి, పదిమందిలో ఎందుకు" అన్నారు. ఆయన దగ్గర కూర్చున్న కుర్రకారులో ఎవరికీ తెలుగు చదవడం రాదు. అడిగేవాడు లేడు.

నేను లేచి బల్ల మీద కొట్టాను. లడ్డూలు దొర్లిపడ్డాయి. మెడ దగ్గర కన్నంలోంచి గాలి బుసలు కొట్టింది తప్ప ఒక్క అక్షరం రాలేదు. ఇటు ఒకావిడ, అటు ఒకావిడ నా చేతులు పట్టుకుని, "ఊరుకోయే, గొంతుకి మంచిది కాదు" అని కూర్చోబెట్టారు. ఆపరేషన్ అయిన రోజు కూడా నాకు ఇంత ఏడుపు రాలేదు. నువ్వప్పుడు ఫోన్ చూసుకుంటున్నావు.

శివరాత్రి వెళ్ళాక హరిప్రియ నీతో నాగ్‌పూర్ రావాలని తీర్పు చెప్పారు. నాగభూషణం గారు అందరికీ దణ్ణం పెట్టారు. మీ బావ ఇంటికొచ్చాక, "అప్‌నా భాయ్ హై, ఛోడో" అన్నారు. తమ్ముడే కదా, వదిలేయమన్నందుకు ఆయనకి రాత్రి అన్నం పెట్టలేదు.

నువ్వు ఆ సిస్టమ్ వేసింది నా బ్యాంకు కోసం కాదు. నేనింక అడగను. నాకు తెలిసిందని నీకు తెలియాలి, అంతే.

సౌభాగ్య


నాగ్‌పూర్
10 ఫిబ్రవరి 2025

శ్రీమతి సౌభాగ్య గారికి,

పెద్దలు చెప్పింది హరిప్రియ వినలేదు. నిన్న కోర్టు కేసు వేసిందని తెలిసింది. సాక్షుల్లో మొదటి పేరు మీదేనట. సంతోషం. తమ్ముడి ఇల్లు కూలుస్తున్నారు, మంచి పేరు వస్తుంది.

ఒక్కటి గుర్తు చేస్తాను. ఆ మే నెలలో నా పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. కొత్త ఉద్యోగంలో సెలవులన్నీ మీ కోసం పోగొట్టుకున్నాను. నలభై అయిదు డిగ్రీల ఎండలో, ఫ్యాన్ ఆపిన గదిలో, ఒక్కో వాక్యం పదేసిసార్లు విని శుభ్రం చేసి పెట్టాను. బావ ఒక్క రోజైనా ఆ గదిలో కూర్చున్నాడా? మీకు ఆ గొంతు నేనిచ్చింది. నేనిచ్చిన దాంతో నా మీదే సాక్ష్యం చెప్తానని మీరు ఉత్తరం రాస్తే, నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలా? నా స్థానంలో ఎవరైనా అదే చేస్తారు.

పెళ్ళాంతో మాటలు పెరగని మగాడు ఎవడు? బావ చెయ్యెత్తలేదా ఎప్పుడూ? ఆ రోజు తర్వాత నేను ఒక్కసారి కూడా హరిప్రియని ముట్టుకోలేదు. మీకెవరికీ అది కనబడదు. ఒక్క తలుపు దగ్గరే ఆగిపోయారు.

సందీప్


బిలాస్‌పూర్
20 ఫిబ్రవరి 2025

సందీప్,

గొంతు నాది. నువ్వు పట్టి పెట్టావు, అంతే. దానికి రెండున్నరేళ్ళు నీకు రోజూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను, ఇంకా ఏం కావాలి?

మీ బావ చెయ్యెత్తారా అని అడిగావు. లేదు. ఎత్తి ఉంటే నువ్వు ఆయనకి ఏ శిక్ష వేసేవాడివో నాకు తెలుసు. నీ అక్కకి ఒక న్యాయం, నాగభూషణం గారి కూతురికి ఒక న్యాయం. నిన్ను పెంచిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి కాబట్టి ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

హరిప్రియ మా ఆఫీసుకొచ్చింది. విరిగిన వేళ్ళు రెండూ ఇంకా పూర్తిగా ముడుచుకోవు, టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటోంది. "వదినా, బస్ హో గయా. కోర్టుకెళ్తాను. నువ్వొస్తావేటి" అంది. తల ఊపాను. దానికి గొంతు అక్కర్లేదు కదా.

సౌభాగ్య


నాగ్‌పూర్
3 ఆగస్టు 2025

అక్కా,

ఆరు నెలలైంది నీకు రాసి. ఆ ఉత్తరంలో గారికి, మీరు అని రాశాను. రాసి పోస్టు చేసొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు.

21న నీ సాక్ష్యం ఉందని వకీల్ చెప్పాడు. ఇక్కడ ఇంట్లో ఎవరూ లేరు. ఆఫీసు నుంచి వచ్చి లైటు వేసుకోబుద్ధి కాదు. హోటల్ నుంచి తెచ్చుకున్నది సగం తిని పడేస్తాను. మేనేజర్‌కి విషయం తెలిసిపోయింది. ఆడవాళ్ళు లిఫ్ట్‌లో నాతో ఎక్కడం మానేశారు. అందరూ నన్నొక రాక్షసుడిలా చూస్తున్నారు. నీకైనా తెలుసు కదా నేను అలాంటివాణ్ణి కాదని.

ఒక విషయం చెప్పాలి. కాపీ ఉంది. 2022 జూన్‌లో నీ ల్యాప్‌టాప్ తయారైన రోజున మొత్తం సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎత్తి పెట్టుకున్నాను. నా వృత్తిలో అది అలవాటు, ఏ మెషీన్ తయారుచేసినా ఒక కాపీ తీయకుండా వదలం. జనవరిలో లేదన్నాను. కోపంలో అన్నాను.

19న బయలుదేరి 20 పొద్దున్నకి మీ ఇంట్లో ఉంటాను. డిస్క్ తగిలించి ఒక గంట కూర్చుంటే నీ ల్యాప్‌టాప్ ఆ రోజు ఎలా ఉందో అచ్చం అలా అయిపోతుంది. ఆ సిస్టమ్, ఆ ప్రోగ్రామ్, ఆ గొంతు. మళ్ళీ ప్రత్యూషని నువ్వే లేపొచ్చు. నేను నీతో ఫోన్‌లో మాట్లాడొచ్చు. నీ గొంతు విని ఎన్నాళ్ళైందో నీకు తెలుసా?

నువ్వు చేయాల్సింది పెద్దదేమీ కాదు. అబద్ధం చెప్పమనను. నువ్వు వంటింటి వైపు ఉన్నావు, దూరం నుంచి చూశావు. చెయ్యి చూసి తలుపు లాగాడా, చూడకుండా లాగాడా అనేది గట్టిగా చెప్పలేను అను, చాలు. ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు అక్కా? ఆ ఒక్క మాటతో కేసు నీరుగారిపోతుంది, హరిప్రియ వాళ్ళూ రాజీకి వస్తారు.

మనం అందరం ఆ జూన్‌కి వెళ్ళిపోదాం. అప్పుడు అంతా బాగుండేది. సరేనని ఒక్క ముక్క మెసేజ్ పెట్టు, టికెట్ తీసుకుంటాను.

నీ తమ్ముడు,
సందీప్


బిలాస్‌పూర్
24 ఆగస్టు 2025

సందీప్,

మెసేజ్ పెట్టలేదు కాబట్టి నా జవాబు నీకు తెలిసిపోయి ఉంటుంది. కోర్టుకి నువ్వు రాలేదు, నీ వకీలే వచ్చాడు. అతను నీకేం చెప్పాడో తెలీదు. అక్కడ జరిగింది నేనే రాస్తున్నాను.

ముందు నీ ఉత్తరం సంగతి. అది అందాక మూడు నాలుగు రోజులు నేను మనిషిలా లేను. నాకు నా గొంతు కావాలి. నీ దగ్గర దాచడం ఎందుకు, చాలా కావాలి. పక్క గదిలో ఉన్న కూతుర్ని పిలవాలంటే చప్పట్లు కొడుతున్నాను, అది పలక్కపోతే లేచి వెళ్తున్నాను. జూలైలో దానికి జ్వరం వచ్చి రాత్రంతా మూలిగితే, పక్కన కూర్చుని నుదురు నిమరడం తప్ప ఒక్క మాట అనలేకపోయాను. నీ ఉత్తరం చూసి నేను ఏడుస్తుంటే అందులో ఏముందని ప్రత్యూష అడిగింది. హిందీలో రాసి చూపించాను. అది చదివి, "అమ్మా, హాఁ బోల్ దో" అంది, సరేననెయ్యమని. పదహారేళ్ళ పిల్ల, తల్లి గొంతు కావాలంది. తప్పేముంది? ఆ రాత్రి సరేనని టైపు చేశాను. పంపడమే తరువాయి. ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్నే లేచి చెరిపేశాను. ఎందుకంటే నీ ఉత్తరం మళ్ళీ చదివాను. కాపీ జనవరిలోనూ నీ దగ్గరే ఉంది. నేను గిన్నె మీద గరిటె కొడుతున్నప్పుడూ ఉంది. ఆ హాల్లో నా చేతులు పట్టుకుని కూర్చోబెట్టినప్పుడూ ఉంది. నువ్వు దాన్ని సొరుగులో పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నావు. కోపంలో అన్నానని రాశావు. ఏడు నెలల కోపమా? అమ్మడానికి దాచావు, ఇప్పుడు ధర చెప్పావు.

కోర్టుకి మీ బావ స్కూటర్ మీద తీసుకెళ్ళారు. గేటు దగ్గర దింపి, "మై యహీఁ హూఁ" అని, ఇక్కడే ఉంటానన్నారు. నాకు ఆయన మీద జనవరి నుంచి ఉన్న కోపం సగం అక్కడే దిగిపోయింది.

రాసివ్వమన్నారు, రాశాను. హిందీలోనే రాశాను, అక్కడ అందరికీ చదవడం వచ్చు. తర్వాత జడ్జి గారు, ఫోన్‌లో టైపు చేస్తే చదివే సదుపాయం ఉంటే వాడుకోవచ్చన్నారు. వాడాను. నీకు ఆ గొంతు తెలుసు, బ్యాంకు నుంచి ఫోన్ చేసి బకాయి కట్టమనే ఆడగొంతు. ఏ మాటకైనా ఒకటే రాగం. నీ వకీలు, మీరు వంటింటి వైపు ఉన్నారు కదా, గట్టిగా చెప్పగలరా అని అడిగాడు. సరిగ్గా నువ్వు నాకు రాసిన మాటలే. నేను టైపు చేశాను. ఆ గొంతు, "ఉన్హోంనే హాథ్ దేఖా, ఫిర్ దర్వాజా ఖీంచా, దో బార్" అని, చెయ్యి చూసే రెండుసార్లు తలుపు లాగాడని చదివింది. ఏడుపు లేదు, కోపం లేదు, బకాయి సంగతి చెప్పినట్టే చెప్పింది. నీ వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

బయటికొచ్చాక హరిప్రియ నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తర్వాత, "వదినా, మంచినీళ్ళు తాగుతావేటి" అని అడిగి, సీసా మూత తిప్పడానికి ఆ రెండు వేళ్ళతో అవస్థ పడింది. నేను తీసుకుని తిప్పాను. ఇద్దరం తాగాం.

ఆ డిస్క్ నీ దగ్గరే ఉంచుకో. నేను అడగను, ప్రత్యూష చేత అడిగించను. నా గొంతు వినాలనిపిస్తే పెట్టుకుని విను. నువ్వు రాసినట్టు పలుకుతుంది, నీ ఇష్టం. కోర్టులో నేను చెప్పింది మాత్రం దాని చేత వెనక్కి తీయించలేవు.

అందరం ఆ జూన్‌కి వెళ్ళిపోదాం అన్నావు, అప్పుడు అంతా బాగుండేదన్నావు. నీకు బాగుండేది. నాకూ బాగుండేది, ఒప్పుకుంటాను. కానీ ఆ తేదీకి వెళ్తే హరిప్రియ ఇంకా నీ ఇంట్లోనే ఉంటుంది.

సౌభాగ్య